పక్షవాతానికి మందుల మేళవింపు: ఏ మందు, ఏ వేళ, ఎవరికి?

(ప్రత్యేక వ్యాసం)

ఒక మందు కొంత మేలు చేస్తున్నప్పుడు దానికి మరొక మందు జోడిస్తే మేలు రెట్టింపు అవుతుందని భావించడం సహజం. క్షయ వ్యాధి చికిత్సలో అనేక మందులను కలిపి వాడడం వల్లనే మంచి ఫలితాలు లభించాయి. అయితే మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడడం వల్ల వచ్చే పక్షవాతం విషయంలో ఈ లెక్క అంత సూటిగా కుదరదు. గడ్డను కరిగించే మందులు, గడ్డ కట్టకుండా నిరోధించే మందులు అన్నీ ఎంతో కొంత మేరకు రక్తస్రావం జరిగే ప్రమాదాన్ని కూడా పెంచుతాయి. గత మూడు దశాబ్దాలలో జరిగిన పరిశోధనలను పరిశీలిస్తే కొన్ని కలయికలు హాని చేశాయి. కొన్ని నిష్ప్రయోజనమని తేలాయి. కొన్ని మాత్రం నిజంగా మేలు చేశాయి. ఈ తేడాకు గల కారణాలను పాత్రికేయులకు, వైద్య ఆరోగ్య రంగంతో సంబంధం గల అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పక్షవాతం రెండు రకాలు:

పక్షవాతం ప్రధానంగా రెండు విధాలుగా వస్తుంది. మెదడుకు రక్తాన్ని తీసుకువెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడి రక్తప్రసరణ ఆగిపోవడం మొదటి రకం. దీనిని వైద్య పరిభాషలో ఇస్కిమిక్ స్ట్రోక్ అంటారు. రక్తనాళం చిట్లి మెదడులోనికి రక్తం చేరడం రెండవ రకం. 2019 సంవత్సరానికి సంబంధించిన అంతర్జాతీయ అంచనాల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఆ ఏడాది సుమారు 1 కోటి 22 లక్షల మంది కొత్తగా పక్షవాతానికి గురికాగా, వారిలో సుమారు 62 శాతం మందికి వచ్చినది మొదటి రకం పక్షవాతమే. ఆ ఏడాది పక్షవాతం కారణంగా సంభవించిన మరణాలు సుమారు 65 లక్షలు.

ఈ రెండు రకాలకూ చికిత్స పూర్తిగా భిన్నమైనది. మొదటి రకంలో గడ్డను కరిగించాలి. రెండవ రకంలో రక్తస్రావాన్ని ఆపాలి. ఒకదానికి ఇవ్వవలసిన మందు మరొకదానికి ఇస్తే ప్రాణాపాయం కలుగుతుంది. మూతి వంకరపోవడం, చేయి చచ్చుబడడం, మాట తడబడడం వంటి లక్షణాలు రెండింటిలోనూ ఒకే విధంగా ఉండవచ్చు. కాబట్టి రోగిని చూసినంత మాత్రాన ఏ రకమో నిర్ధారించడం సాధ్యం కాదు. తలకు సి.టి. స్కాన్ తీసిన తరువాతే చికిత్స ప్రారంభించాలని వైద్యులు పట్టుబట్టడానికి కారణం ఇదే.

తొలి విజయం - ఆల్టెప్లేస్:

ఇస్కిమిక్ పక్షవాతానికి గడ్డను కరిగించే మందుగా శాస్త్రీయంగా నిరూపితమైన తొలి ఔషధం ఆల్టెప్లేస్. అమెరికా జాతీయ నాడీ సంబంధ వ్యాధుల సంస్థ ఆధ్వర్యంలో 624 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు 1995లో వెలువడ్డాయి. లక్షణాలు ప్రారంభమైన 3 గంటలలోపు ఈ మందు పొందినవారిలో సుమారు 39 శాతం మంది మూడు నెలల తరువాత వైకల్యం లేకుండా లేదా స్వల్ప లక్షణాలతో తమ పనులు తాము చేసుకోగలిగారు. మందు పొందనివారిలో ఈ సంఖ్య 26 శాతం. దీని ఆధారంగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1996 జూన్‌లో ఈ మందును పక్షవాత చికిత్సకు అనుమతించింది.

అయితే అదే పరిశోధనలో మరొక అంశం కూడా వెల్లడైంది. మందు పొందినవారిలో 6.4 శాతం మందికి పరిస్థితి విషమించే స్థాయిలో మెదడులో రక్తస్రావం జరిగింది. మందు పొందనివారిలో ఇది 0.6 శాతం మాత్రమే. ఈ నష్టాన్ని కూడా కలుపుకొని చూసినప్పటికీ మొత్తం మీద మేలే ఎక్కువగా ఉన్నందున వైద్య ప్రపంచం ఈ మందును స్వీకరించింది. 2008లో వెలువడిన ఐరోపా పరిశోధన ఈ గడువును నాలుగున్నర గంటల వరకు పొడిగించవచ్చునని చూపింది.

గడువు పెరిగింది గాని ఆలస్యం చేయవచ్చునని దీని అర్థం కాదు. అనేక పరిశోధనలలో పాల్గొన్న 6,756 మంది రోగుల వివరాలను కలిపి చేసిన విశ్లేషణ 2014లో వెలువడింది. 3 గంటలలోపు మందు పొందినవారిలో 32.9 శాతం మంది మంచి స్థితికి చేరుకోగా, మందు లేనివారిలో 23.1 శాతం మంది చేరుకున్నారు. 3 గంటలు దాటి నాలుగున్నర గంటలలోపు వచ్చినవారిలో ఈ అంకెలు వరుసగా 35.3, 30.1 శాతం. అంటే మందు వల్ల అదనంగా కలిగిన మేలు సుమారు 10 శాతం నుంచి 5 శాతానికి తగ్గిపోయింది. రక్తం అందని మెదడు భాగంలో నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక శాస్త్రవేత్త లెక్కగట్టారు.

ఒక్క మందు ఎందుకు చాలదు?

రక్తపు గడ్డలో ప్రధానంగా రెండు పదార్థాలు ఉంటాయి. ఒకటి ఫైబ్రిన్ అనే సన్నని పోగుల వల. రెండవది ఆ వలలో చిక్కుకొని ఒకదానికొకటి అతుక్కుపోయిన ప్లేట్‌లెట్లు. ఆల్టెప్లేస్ మన రక్తంలోనే ఉండే ఒక పదార్థాన్ని ప్లాస్మిన్‌గా మారుస్తుంది. ఈ ప్లాస్మిన్ ఫైబ్రిన్ పోగులను తెంచుతుంది. కాని ప్లేట్‌లెట్ల పట్టును విడదీసే శక్తి ఆల్టెప్లేస్‌కు లేదు. అంతేకాక, గడ్డ కరిగే క్రమంలో దానిలో బందీగా ఉన్న త్రాంబిన్ బయటపడి కొత్త ప్లేట్‌లెట్లను ఉత్తేజపరుస్తుంది. ఫలితంగా కొందరిలో గడ్డ పూర్తిగా కరగదు. మరికొందరిలో తెరుచుకున్న నాళం తిరిగి మూసుకుపోతుంది.

కాబట్టి ఆల్టెప్లేస్‌తో పాటు ప్లేట్‌లెట్లను అడ్డుకునే మందునో, త్రాంబిన్‌ను నిర్వీర్యం చేసే మందునో జోడించాలన్న ఆలోచన తర్కబద్ధమైనదే. గుండెపోటు చికిత్సలో గడ్డను కరిగించే మందుతో పాటు ఆస్పిరిన్ ఇవ్వడం అప్పటికే స్థిరపడిన పద్ధతి. మెదడు విషయంలోనూ అదే జరుగుతుందని పరిశోధకులు ఆశించారు. అయితే రక్తం అందక దెబ్బతిన్న మెదడు భాగంలో సూక్ష్మ రక్తనాళాల గోడలు కూడా బలహీనపడతాయి. అక్కడికి రక్తం తిరిగి ప్రవహించినప్పుడు, రక్తం గడ్డకట్టే శక్తి పూర్తిగా అణగి ఉంటే, ఆ గోడల నుంచి రక్తం బయటకు పొక్కుతుంది. పుర్రె లోపల ఖాళీ స్థలం లేనందున కొద్దిపాటి రక్తస్రావం కూడా ప్రాణాంతకం కాగలదు.

కలయిక వికటించిన సందర్భాలు:

ఇటలీ కేంద్రంగా 622 మంది రోగులపై జరిగిన మాస్ట్-ఐ పరిశోధన ఫలితాలు 1995లో వెలువడ్డాయి. ఇందులో రోగులకు స్ట్రెప్టోకైనేజ్ ఒక్కటే, ఆస్పిరిన్ ఒక్కటే, రెండూ కలిపి, రెండూ లేకుండా అని నాలుగు విధాలుగా చికిత్స చేశారు. స్ట్రెప్టోకైనేజ్ పొందినవారిలో మొదటి 10 రోజులలో మరణాలు పెరిగాయి. ఆస్పిరిన్ కూడా తోడైన వారిలో నష్టం మరింత స్పష్టంగా కనిపించింది. పరిశోధనను అర్ధాంతరంగా నిలిపివేయవలసి వచ్చింది. గుండెపోటులో ప్రాణాలు నిలిపిన జోడీయే మెదడు విషయంలో ప్రమాదకారిగా పరిణమించడం వైద్యులకు పెద్ద గుణపాఠమైంది.

స్ట్రెప్టోకైనేజ్ కన్నా ఆల్టెప్లేస్ మెరుగైన మందు కనుక దానితో ఆస్పిరిన్ కలిపితే ఫలితం వేరుగా ఉండవచ్చునని నెదర్లాండ్స్ పరిశోధకులు భావించారు. ఆర్టిస్ పేరిట 642 మందిపై జరిగిన ఈ పరిశోధన ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి. ఆల్టెప్లేస్ ప్రారంభించిన గంటన్నరలోపు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను నరం ద్వారా ఇచ్చారు. విషమ స్థాయి రక్తస్రావం ఆస్పిరిన్ తోడైనవారిలో 4.3 శాతం, తోడుకానివారిలో 1.6 శాతంగా నమోదైంది. మూడు నెలల తరువాత మంచి స్థితిలో ఉన్నవారు వరుసగా 54.0 శాతం, 57.2 శాతం. మేలు కనిపించలేదు, హాని కనిపించింది. ఈ పరిశోధన కూడా మధ్యలోనే ఆగిపోయింది. ఆల్టెప్లేస్ ఇచ్చిన తరువాత 24 గంటలు గడిచి, మరొకసారి స్కాన్ తీసి రక్తస్రావం లేదని నిర్ధారించుకున్న పిదపనే ఆస్పిరిన్ ప్రారంభించే సాధారణ పద్ధతికి ఈ ఫలితాలు బలం చేకూర్చాయి.

ఆశ నుంచి నిరాశకు - సిన్సినాటి పరిశోధనలు:

ఆస్పిరిన్ ప్రభావం రోజుల తరబడి నిలుస్తుంది. ఆపివేసిన కొద్ది గంటలలోనే ప్రభావం తగ్గిపోయే మందును ఎంచుకొని, ఆల్టెప్లేస్ మోతాదును కూడా తగ్గిస్తే ప్రమాదం తగ్గుతుందా అన్న ప్రశ్నతో అమెరికాలోని సిన్సినాటి కేంద్రంగా క్లియర్ పరిశోధనలు ప్రారంభమయ్యాయి. వీటిలో ఎంచుకున్న మందు ఎప్టిఫిబటైడ్. ఇది ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కునే చివరి మెట్టును అడ్డుకుంటుంది.

2008లో వెలువడిన మొదటి విడత ఫలితాలలో 94 మంది పాల్గొన్నారు. విషమ స్థాయి రక్తస్రావం కలయిక పొందినవారిలో 1.4 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 8 శాతం. 2013లో వెలువడిన రెండవ విడతలో 126 మంది పాల్గొనగా ఈ అంకెలు వరుసగా 2 శాతం, 12 శాతం. పైపైన చూస్తే మందులు కలపడం వల్ల రక్తస్రావం తగ్గినట్లే కనిపిస్తుంది.

ఇక్కడ పాత్రికేయులు గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. రెండు విడతలలోనూ మామూలు చికిత్స పొందినవారు 25 మంది చొప్పున మాత్రమే. 25 మందిలో 12 శాతం అంటే ముగ్గురు. 8 శాతం అంటే ఇద్దరు. ఒక్క రోగికి ఫలితం అటు ఇటు అయితే శాతం 4 మేరకు మారిపోతుంది. ఈ పరిశోధనలు కలయిక సురక్షితమేనా అన్నది పరీక్షించడానికి ఉద్దేశించినవే తప్ప మేలు చేస్తుందని నిరూపించడానికి చేసినవి కావు. పరిశోధకులు సైతం పెద్ద పరిశోధన అవసరమనే పేర్కొన్నారు.

ఆ పెద్ద పరిశోధనే మోస్ట్. దీని ఫలితాలు 2024 సెప్టెంబరులో ప్రచురితమయ్యాయి. అమెరికాలోని 57 ఆసుపత్రులలో, లక్షణాలు మొదలైన 3 గంటలలోపు గడ్డను కరిగించే మందు పొందిన రోగులను ఎంపిక చేశారు. ఆ మందు ప్రారంభించిన 75 నిమిషాలలోపు కొందరికి ఎప్టిఫిబటైడ్, కొందరికి త్రాంబిన్‌ను అడ్డుకునే అర్గట్రోబాన్, మిగిలినవారికి మందు లేని ద్రావణం ఇచ్చారు. మేలు జరిగే అవకాశం లేదని మధ్యంతర పరిశీలనలో తేలినందున 514 మందితోనే పరిశోధనను నిలిపివేశారు. మూడు నెలలలోపు మరణాలు అర్గట్రోబాన్ పొందినవారిలో 24 శాతం, ఎప్టిఫిబటైడ్ పొందినవారిలో 12 శాతం, మందు లేని ద్రావణం పొందినవారిలో 8 శాతం. అర్గట్రోబాన్ పొందినవారు 59 మంది మాత్రమే కాబట్టి ఆ ఒక్క అంకెను జాగ్రత్తగా చదవవలసి ఉన్నప్పటికీ, కలయిక వల్ల రోగులకు అదనపు మేలు కలగలేదన్న నిర్ణయం స్పష్టమైనది. చైనాలో 808 మందిపై ఆల్టెప్లేస్, అర్గట్రోబాన్ కలిపి జరిపి 2023లో ప్రకటించిన పరిశోధన సైతం ప్రయోజనం లేదనే తేల్చింది.

ఒకే కుటుంబం, వేరు ఫలితం:

అంతటితో ఈ మార్గం మూసుకుపోయిందని భావిస్తున్న తరుణంలో 2025లో చైనా నుంచి భిన్నమైన ఫలితం వెలువడింది. ఎప్టిఫిబటైడ్ కుటుంబానికే చెందిన టిరోఫిబాన్‌ను 832 మంది రోగులపై పరీక్షించారు. గడ్డను కరిగించే మందు ఇచ్చిన తరువాత గంటలోపు దీనిని ప్రారంభించారు. మూడు నెలల తరువాత వైకల్యం లేకుండా ఉన్నవారు టిరోఫిబాన్ పొందినవారిలో 65.9 శాతం, పొందనివారిలో 54.9 శాతం. విషమ స్థాయి రక్తస్రావం టిరోఫిబాన్ వర్గంలో 1.7 శాతం మందికి జరగగా, రెండవ వర్గంలో ఎవరికీ జరగలేదు.

ఈ రెండు పరిశోధనలకు గల తేడా ప్రధానంగా రోగుల ఎంపికలో ఉన్నది. చైనా పరిశోధనలో గుండె నుంచి గడ్డ కొట్టుకువచ్చి పక్షవాతానికి గురైన రోగులను చేర్చలేదు. తీగ ద్వారా గడ్డను తొలగించే చికిత్సకు పంపవలసిన రోగులను కూడా మినహాయించారు. అమెరికా పరిశోధనలో ఇటువంటి రోగులందరూ ఉన్నారు. నాళం గోడపై కొవ్వు పేరుకొని, అక్కడే ప్లేట్‌లెట్లు గుమికూడి గడ్డ ఏర్పడిన రోగులలో ప్లేట్‌లెట్లను అడ్డుకునే మందు ఎక్కువగా ఉపకరించడం సహేతుకమే. ఒకే కలయిక ఒక వర్గానికి పనికివచ్చి మరొక వర్గానికి పనికిరాకపోవచ్చునని ఈ ఫలితాలు సూచిస్తున్నాయి. ఇది ఒక దేశంలో జరిగిన ఒక్క పరిశోధన కనుక ఇతర దేశాల రోగులలోనూ ఇదే ఫలితం వస్తుందా అన్నది పరీక్షించవలసి ఉన్నది.

ఒక మందు మరొకదానిని ధ్వంసం చేస్తే:

మందులు కలిపినప్పుడు రక్తస్రావం ఒక్కటే సమస్య కాదు. మెదడు కణాలను కాపాడగలదని ఆశించిన నెరినెటైడ్ అనే మందును 1,105 మంది రోగులపై పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. అయితే ఆల్టెప్లేస్ పొందని రోగులను విడిగా చూసినప్పుడు 59.3 శాతం మంది మంచి స్థితికి చేరుకోగా, నెరినెటైడ్ పొందనివారిలో 49.8 శాతం మంది చేరుకున్నారు. ఆల్టెప్లేస్ వల్ల పుట్టే ప్లాస్మిన్ గడ్డను తెంచినట్లే నెరినెటైడ్‌ను కూడా తెంచివేస్తున్నదని పరిశోధకులు వివరించారు. ఒక మందు మరొక మందును రక్తంలోనే నిర్వీర్యం చేసిందన్నమాట.

గడ్డను కరిగించే మందు పొందని రోగులను మాత్రమే ఎంచుకొని మళ్లీ పరీక్షించగా, 2025లో వెలువడిన ఆ ఫలితాలలో కూడా ప్రయోజనం కనిపించలేదు. ఒక పరిశోధనలోని ఒక వర్గంలో కనిపించిన ఆశాజనకమైన అంకెను నిరూపితమైన సత్యంగా ప్రకటించరాదనడానికి ఇది చక్కటి ఉదాహరణ.

విజయం సాధించిన జోడీ:

మందుల కలయిక నిస్సందేహంగా మేలు చేసిన సందర్భం కూడా ఉన్నది. అది స్వల్ప పక్షవాతం, లేదా లక్షణాలు కొద్దిసేపు కనిపించి వాటంతటవే తగ్గిపోయే తాత్కాలిక పక్షవాతం. ఇటువంటి రోగులకు మొదటి కొద్ది రోజులలోనే పెద్ద పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. వీరికి గడ్డను కరిగించే మందు సాధారణంగా ఇవ్వరు.

చైనాలో 5,170 మందిపై జరిగి 2013లో ఫలితాలు వెలువడిన చాన్స్ పరిశోధనలో, లక్షణాలు కనిపించిన 24 గంటలలోపు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి ప్రారంభించారు. ఆస్పిరిన్‌ను 21 రోజుల తరువాత ఆపివేశారు. మూడు నెలలలోపు మళ్లీ పక్షవాతం వచ్చినవారు కలయిక పొందినవారిలో 8.2 శాతం, ఆస్పిరిన్ ఒక్కటే పొందినవారిలో 11.7 శాతం. ఒక మోస్తరు నుంచి తీవ్ర స్థాయి వరకు రక్తస్రావం రెండు వర్గాలలోనూ 0.3 శాతమే. 2018లో వెలువడిన పాయింట్ పరిశోధనలో 4,881 మంది పాల్గొన్నారు. గుండెపోటు, పక్షవాతం, రక్తనాళాల సంబంధ మరణం వంటి ఘటనలు 6.5 శాతం నుంచి 5 శాతానికి తగ్గాయి. అయితే రెండు మందులను 90 రోజులు కొనసాగించినందున పెద్ద రక్తస్రావాలు 0.4 శాతం నుంచి 0.9 శాతానికి పెరిగాయి.

ఇదే జోడీని నెలల తరబడి కొనసాగిస్తే ఏమవుతుందో 2004లో వెలువడిన మ్యాచ్ పరిశోధన అప్పటికే తెలియజేసింది. 7,599 మంది రోగులను 18 నెలల పాటు పరిశీలించగా, క్లోపిడోగ్రెల్‌కు ఆస్పిరిన్ జోడించినందువల్ల చెప్పుకోదగిన మేలు జరగలేదు. ప్రాణాంతక రక్తస్రావం మాత్రం 1.3 శాతం నుంచి 2.6 శాతానికి పెరిగింది. మందులు అవే. కాని 3 వారాలు వాడితే రక్ష, ఏడాదిన్నర వాడితే శిక్ష. అందువల్ల ఈ రెండు మందులు ప్రారంభించిన రోగికి వాటిలో ఒకదానిని ఏ తేదీన ఆపివేయాలో మందుల చీటీపై స్పష్టంగా రాయవలసి ఉన్నది.

వార్త రాసే ముందు పరిశీలించవలసిన అంశాలు:

పక్షవాత చికిత్సలో నూతన కలయికలను గురించి వార్తలు వెలువరించే సందర్భంలో పాత్రికేయులు ఈ క్రింది ప్రశ్నలకు సమాధానం రాబట్టడం ప్రయోజనకరం.

1. పరిశోధనలో ఎంతమంది రోగులు పాల్గొన్నారు? ప్రతి వర్గంలోనూ ఎందరు ఉన్నారు? శాతాలతో పాటు సంఖ్యలు కూడా ఇవ్వాలి.

2. అది మందు సురక్షితమా అన్నది తేల్చడానికి చేసిన ప్రాథమిక పరిశోధనా, లేక మేలును నిరూపించడానికి చేసిన పెద్ద పరిశోధనా?

3. నాళం తెరుచుకోవడాన్ని కొలిచారా, లేక మూడు నెలల తరువాత రోగి తన పని తాను చేసుకోగలుగుతున్నాడా అన్నది కొలిచారా? రోగికి, అతని కుటుంబానికి రెండవదే ముఖ్యం.

4. ఎటువంటి రోగులకు ఇచ్చారు, ఎన్ని గంటలలోపు ఇచ్చారు, ఎంతకాలం ఇచ్చారు?

5. మేలుతో పాటు రక్తస్రావం, మరణాల సంఖ్య కూడా వార్తలో ఉన్నదా?

ముఖ్యంగా, పక్షవాత లక్షణాలు కనిపించగానే ఇంటి వద్దనే ఆస్పిరిన్ మింగించాలన్న భావన కలిగించే వార్తలు ప్రచురించరాదు. గుండెనొప్పికి సంబంధించిన ఆ సలహా పక్షవాతానికి వర్తించదు. ఆ పక్షవాతం రక్తస్రావం వల్ల వచ్చినదైతే ఆస్పిరిన్ హాని చేయగలదు. పైగా మింగడం కష్టమైన రోగికి మాత్ర ఊపిరితిత్తుల మార్గంలో చిక్కుకునే ప్రమాదం ఉన్నది.

ఆసుపత్రులలో అవసరమైన ఏర్పాట్లు:

ఇప్పటివరకు నిరూపితమైన చికిత్సలను సకాలంలో అందించగలగడమే అధికారుల ముందున్న ప్రధాన కర్తవ్యం. ఆల్టెప్లేస్‌ను రోగి బరువులో కిలోకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున, 90 మిల్లీగ్రాములకు మించకుండా ఇస్తారు. మొత్తం మోతాదులో పదవ వంతును ఒక నిమిషంలో, మిగిలినదానిని గంట సేపు ఎక్కించాలి. టెనెక్టెప్లేస్ అనే మందును ఒకేసారి సూది ద్వారా ఇవ్వవచ్చు. కెనడాలో 1,577 మందిపై జరిగిన పరిశోధనలో ఇది ఆల్టెప్లేస్‌కు తీసిపోదని 2022లో నిరూపితమైంది. అమెరికా దీనిని 2025 మార్చిలో పక్షవాతానికి అనుమతించింది. గంట సేపు మందు ఎక్కించవలసిన అవసరం లేనందున రోగిని ఒక ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి తరలించవలసిన సందర్భాలలో ఇది సౌకర్యంగా ఉంటుంది.

పెద్ద నాళాలలో గడ్డ అడ్డుపడినప్పుడు తీగ ద్వారా దానిని బయటకు లాగే చికిత్స ప్రభావవంతమైనదని 2015లో వరుసగా వెలువడిన పరిశోధనలు నిరూపించాయి. స్కాన్ ఆధారంగా ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు కూడా ఇది ఉపకరిస్తుందని 2018లో తేలింది. మందుకూ యంత్ర సాధనానికీ గల ఈ కలయిక, అనేక మందుల కలయికల కన్నా ఎక్కువ మేలు చేసిందని చెప్పవచ్చు.

వీటన్నింటికీ పునాది రాత్రింబవళ్లు పనిచేసే సి.టి. స్కాన్, దానిని వెంటనే చదివి చెప్పగల నిపుణుడు, అత్యవసర విభాగంలోనే నిల్వ ఉంచిన మందు, రక్తపోటును 185/110 కన్నా దిగువకు తెచ్చి మందు ప్రారంభించగల శిక్షణ పొందిన సిబ్బంది. రోగి ఆసుపత్రి ద్వారం దాటినప్పటి నుంచి మందు ప్రారంభించే వరకు పట్టిన నిమిషాలను ప్రతి కేసులోనూ నమోదు చేసి నెలనెలా సమీక్షించడం ఖర్చు లేని సంస్కరణ.

ప్రజలు గుర్తుంచుకోవలసినవి:

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అత్యవసర అంబులెన్స్ సేవ తెలుగు ప్రజలకు చిరపరిచితమైనది. ముఖం ఒక వైపు జారిపోవడం, ఒక చేయి లేదా కాలు అకస్మాత్తుగా చచ్చుబడడం, మాట ముద్దగా రావడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రోగి చివరిసారిగా మామూలుగా ఉన్న సమయాన్ని గుర్తుంచుకొని వైద్యునికి చెప్పాలి. ఏ మందు ఇవ్వవచ్చు, ఏది ఇవ్వరాదు అన్న నిర్ణయం ఆ ఒక్క సమాచారంపై ఎంతగానో ఆధారపడి ఉంటుంది. రోగి రోజూ వాడుతున్న మందుల చీటీని, ముఖ్యంగా రక్తం పలుచబడడానికి వాడే మందుల వివరాలను, వెంట తీసుకువెళ్లాలి. పసరు మందులు, నూనె మర్దనలు, నాటు వైద్యాల కోసం తొలి గంటలను వ్యర్థం చేయరాదు. లక్షణాలు వాటంతటవే తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. ఎందుకంటే రెండు మందుల జోడీ మేలు చేసేది అటువంటివారికే.

పక్షవాత చికిత్సలో మందుల సంఖ్య కన్నా వాటి క్రమం, సమయం, రోగి ఎంపిక ముఖ్యమన్నది మూడు దశాబ్దాల పరిశోధనల సారాంశం. నూతన కలయికలపై పరిశోధనలు కొనసాగవలసినదే. అయితే ఇప్పటికే నిరూపితమైన మందు నాలుగున్నర గంటలలోపు అందక మంచానికే పరిమితమైన రోగికి, రేపు రాబోయే రెండవ మందు వల్ల ఒరిగేది ఏమీ ఉండదు. ఈ వాస్తవాన్ని ప్రజలలోనికి విస్తృతంగా తీసుకువెళ్లడంలో పత్రికలు, ప్రసార సాధనాలు, క్షేత్రస్థాయి అధికారులు తమ వంతు పాత్ర నిర్వహించవలసి ఉన్నది.